కోల్బె పడవలో కదిలిందేమిటి?

పరుగు పందెంలో పాల్గొనేవాడు గమ్యం వైపు చూస్తూ పరుగెత్తుతాడు. సైకిలు తొక్కేవాడూ అంతే. కాని గమ్యానికి వీపు పెట్టి కూర్చుని, వెనక్కి చూస్తూ ముందుకు పోయే పందెం ఒకటుంది. అదే తెడ్ల పడవ పందెం. దీన్ని రోయింగ్ అంటారు. ఈ పందెంలో ముందున్నవాడికి తన వెనక వస్తున్న వాళ్ళందరూ కనిపిస్తారు. వెనకబడినవాడికి మాత్రం ముందున్నవాడు కనిపించడు. తల తిప్పి చూడవలసిందే!

ఈ ఆటలో ఒంటరిగా ఒక్క మనిషి రెండు తెడ్లతో నడిపే పడవ పందెం చాలా కష్టమైనది. దూరం 2000 మీటర్లు. పట్టే కాలం సుమారు 7 నిమిషాలు. పడవ దాదాపు 8 మీటర్ల పొడవు ఉంటుంది. వెడల్పు మాత్రం మనిషి కూర్చోవడానికి సరిపోయేంతే. బరువు 14 కిలోలకు తగ్గకూడదని నియమం. అంటే పడవ కంటే దాన్ని నడిపే మనిషే అయిదారు రెట్లు ఎక్కువ బరువన్నమాట! ఈ సంగతిని బాగా గుర్తుంచుకోండి. ఈ వ్యాసమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ పందెంలో అయిదు సార్లు ప్రపంచ విజేతగా నిలిచిన జర్మన్ క్రీడాకారుడు పీటర్ మైకేల్ కోల్బె. అయినా ఒలింపిక్ స్వర్ణ పతకం ఆయనకు ఒక్కసారి కూడా దక్కలేదు. ఆయన జీవితంలో భౌతికశాస్త్ర పాఠాలు కొన్ని దాగి ఉన్నాయి. వాటిని వెలికి తీసి చూద్దాం.

ఎవరీ కోల్బె?

కోల్బె 1953 ఆగస్టు 2న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పుట్టాడు. అప్పట్లో జర్మనీ రెండు దేశాలుగా ఉండేది. హాంబర్గ్ పశ్చిమ జర్మనీలోది. ఈ రెండు దేశాలు మళ్ళీ ఒకటైంది 1990లో. అందుచేత కోల్బె పందేలలో పాల్గొన్న కాలమంతా పశ్చిమ జర్మనీ తరఫునే పాల్గొన్నాడు. తూర్పు జర్మనీవాళ్ళు ఆయనకు ప్రత్యర్థులు.

1975లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో కోల్బె ఒంటరి పడవ పందెం గెలిచాడు. అప్పటికి ఆయన వయస్సు 22 ఏళ్ళు. ఆ సంవత్సరం పశ్చిమ జర్మనీలో మేటి క్రీడాకారుడుగా కూడా ఆయన్నే ఎన్నుకున్నారు. మరుసటి ఏడు కెనడాలోని మాంట్రియల్‌లో ఒలింపిక్స్. స్వర్ణ పతకం కోల్బెదే అని చాలామంది అనుకున్నారు.

మాంట్రియల్‌లో చివరి మీటర్లు

1976 ఒలింపిక్ ఫైనలులో కోల్బె అందరికంటె ముందు దూసుకుపోయాడు. పందెంలో చాలా భాగం ఆయనదే ముందంజ. వెనకనుంచి ఫిన్‌లండుకు చెందిన పెర్టీ కార్పినెన్ మెల్లమెల్లగా దూరం తగ్గిస్తూ వచ్చాడు. గమ్యం దగ్గరపడే సరికి కోల్బె చేతులు బరువెక్కాయి. పడవ వేగం పడిపోయింది. కార్పినెన్ ఆయన్ను దాటి 7 నిమిషాల 29.03 సెకండ్లలో గమ్యం చేరాడు. కోల్బెకు 7 నిమిషాల 31.67 సెకండ్లు పట్టింది. తేడా 2.64 సెకండ్లు.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. ఆ ఫైనలుకు ముందు కోల్బెకు ఒక ఇంజక్షను ఇచ్చారు. అది ఆ రోజుల నిషేధ జాబితాలో ఉన్న మందు కాదు. కండరాలు శక్తిని బాగా వినియోగించుకోవాలనే ఉద్దేశంతో ఇచ్చినది. కోల్బె ఓడిపోగానే పశ్చిమ జర్మనీలో పెద్ద దుమారం చెలరేగింది. ఇంజక్షనే కొంప ముంచిందని కొందరన్నారు. ఆటగాడి ఒంట్లోకి మందు ఎక్కించడం ఏ రకమైన క్రీడ అని మరికొందరు నిలదీశారు.

మీరు సైన్సు విద్యార్థులు కనుక ఒక ప్రశ్న వేసుకోండి. ఇంజక్షను వల్లనే ఓడిపోయాడని ఆ పందేన్నిబట్టి రుజువు చేయగలమా? చేయలేం. ఎందుచేతనంటే ఒక కారణం ప్రభావం తెలియాలంటే, మిగతా పరిస్థితులన్నీ అలాగే ఉంచి, ఆ ఒక్క కారణాన్ని తీసివేసి మళ్ళీ చూడాలి. అదే మనిషి, అదే గాలి, అదే నీరు, అదే ప్రత్యర్థి, ఇంజక్షను ఒక్కటీ లేకుండా, మళ్ళీ పందెం నడపడం ఎవరి తరమూ కాదు. ఒక సంఘటన తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం, రెండోది ఫలితం అని చెప్పడానికి వీల్లేదు. కాని మరొక విషయం గురించి మనం లెక్కవేసి చెప్పగలం. అది వేగంలో హెచ్చుతగ్గుల విషయం.

హెచ్చుతగ్గుల ఖరీదు

నీటిలో పోయే పడవను నీరు వెనక్కి లాగుతుంది. ఈ నిరోధం వేగంతోపాటు పెరుగుతుంది. కాని వేగం రెట్టింపైతే నిరోధం రెట్టింపుతో ఆగదు. దాదాపు నాలుగు రెట్లవుతుంది. అంటే నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

ఇక సామర్థ్యం అంటే సెకండుకు చేసే పని. అది బలాన్ని వేగంతో గుణిస్తే వస్తుంది. బలం వేగం వర్గాన్ని బట్టి ఉన్నప్పుడు, దాన్ని మళ్ళీ వేగంతో గుణిస్తే వచ్చేది వేగం ఘనం. కనుక పడవను నడపడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. రెట్టింపు వేగంతో పోవాలంటే ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలి!

ఇప్పుడు ఇద్దరు పడవవాళ్ళను ఊహించుకోండి. ఒకడు పందెమంతా సెకండుకు 4.5 మీటర్ల వేగంతో పోతాడు. రెండోవాడు సగం కాలం 5 మీటర్ల వేగంతోనూ, మిగతా సగం కాలం 4 మీటర్ల వేగంతోనూ పోతాడు. సగటు వేగం ఇద్దరిదీ ఒకటే. ఇద్దరూ ఒకేసారి గమ్యం చేరతారు. మరి ఎవరు ఎక్కువ అలిసిపోతారు?

మొదటివాడికి 4.5 ఘనం, అంటే 91.1.

రెండోవాడికి 5 ఘనం 125. 4 ఘనం 64. రెండింటి సగటు 94.5.

చూశారా! రెండోవాడు నూటికి దాదాపు 4 వంతులు ఎక్కువ శక్తి ఖర్చు చేశాడు. అయినా అంగుళం కూడా ముందుకు పోలేదు. ఎక్కువ వేగంతో పోయినప్పుడు చెల్లించిన అదనపు ఖరీదు, తక్కువ వేగంతో పోయినప్పుడు తిరిగి రాదు. వెయ్యి రూపాయల వస్తువును పన్నెండు వందలకు కొని, తరువాత మరొకటి తొమ్మిది వందలకు కొన్నట్టు! సగటున నష్టమే.

దీనికి తోడు శరీరం సంగతి కూడా ఉంది. ఏడు నిమిషాల పందెంలో కండరాలకు కావలసిన శక్తిలో చాలా భాగం మనం పీల్చే ఆక్సిజన్ సాయంతోనే తయారవుతుంది. పందెం మొదట్లోనే ఆక్సిజన్ అందేదానికి మించి కండరాలు పనిచేస్తే, ఆ లోటును ఆక్సిజన్ లేని రసాయన చర్యలు పూడుస్తాయి. అప్పుడు కండరాలలో ఆమ్లత పెరుగుతుంది. కండరం పట్టు సడలుతుంది. అందువల్ల దూరపు పందేలలో శక్తిని సమంగా పంచుకోవడం గొప్ప విద్య. కార్పినెన్ ఆ విద్యలో ఆరితేరినవాడు. వెనకనుంచి వచ్చి చివర్లో దాటిపోవడం ఆయన పద్ధతి.

హెచ్చుతగ్గులు ఖరీదైనవి అనే ఈ సూత్రాన్ని ఒక్కో తెడ్డు వేటుకు వర్తింపజేసి చూస్తే ఏమవుతుంది? అక్కడినుంచే మన కథ మలుపు తిరుగుతుంది.

పడవ ఎప్పుడు వేగంగా పోతుంది?

తెడ్ల పడవలో కూర్చునే పీట కిందపడకుండా చిన్న చక్రాలమీద రెండు పట్టాల మధ్య ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పాదాలను మాత్రం ఒక పలకకు కట్టివేస్తారు. ఆ పలక పడవకు బిగించి ఉంటుంది. పడవకు రెండు పక్కలా బయటికి చాచిన లోహపు చట్రాలుంటాయి. వాటిని రిగ్గర్లు అంటారు. వాటి చివర తెడ్లు అమర్చి ఉంటాయి. ఇవి కూడా పడవకు బిగించినవే.

పడవవాడు మోకాళ్ళు ముడిచి, చేతులు చాచి, తెడ్లు నీటిలో ముంచుతాడు. కాళ్ళతో పలకను గట్టిగా తన్ని, నడుము వాల్చి, చేతులతో తెడ్లను లాగుతాడు. పడవ ముందుకు పోతుంది. తరువాత తెడ్లను నీటిలోనుంచి పైకెత్తి, మోకాళ్ళు ముడుస్తూ పీటతోసహా మళ్ళీ మొదటి స్థానానికి జరుగుతాడు. ఇది ఒక వేటు. నిమిషానికి 30 వేట్లనుకుంటే ఏడు నిమిషాలలో 210 వేట్లు. ప్రతి వేటులో ఒకసారి అటు, ఒకసారి ఇటు. అంటే అంత బరువైన శరీరం పడవలో 420 సార్లు జరుగుతుంది.

ఈ జరిగే పీట 1870 ప్రాంతాలలో వాడకంలోకి వచ్చింది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పేరుపొందిన పడవ పందెంలో దీన్ని మొదటిసారి 1873లో వాడారు. కాళ్ళ బలాన్నంతా ఉపయోగించుకునే అవకాశం దీనితో వచ్చింది. ఎంత మంచి సాధనమో! కాని ఇందులోనే ఒక చిక్కు కూడా ఉంది.

మీలో ఎవరైనా చిన్న పడవ మీదనుంచి ఒడ్డుకు దూకి ఉంటే మీకొక అనుభవం గుర్తుకు రావాలి. మీరు ఒడ్డువైపు దూకితే పడవ వెనక్కి పోతుంది. మీరు పడవను వెనక్కి నెడితే, పడవ మిమ్మల్ని ముందుకు నెడుతుంది. న్యూటన్ మూడవ గమన నియమం ప్రకారం చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుంది గదా! ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం చెప్పేదీ ఇదే. బయటినుంచి బలం పనిచేయనప్పుడు, మనిషి ఒకవైపు జరిగితే పడవ రెండోవైపు జరగాలి. ఇద్దరి గరిమనాభి మాత్రం తన దారిన తాను అదే వేగంతో పోతుంది.

లెక్క వేద్దాం. పడవవాడి బరువు 84 కిలోలు, తెడ్లతో కలిపి పడవ బరువు 16 కిలోలు అనుకుందాం. మొత్తం 100 కిలోలు. నీటి నిరోధాన్ని కాసేపు మరిచిపోదాం. పడవవాడు పడవలో 60 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే, పడవ ఎంత ముందుకు జరుగుతుంది?

84 × 60 ÷ 100 = 50.4 సెం.మీ.

మనిషి వెనక్కి జరిగింది మిగిలిన 9.6 సెం.మీ. మాత్రమే. సరిచూడండి: 16 × 50.4 = 806.4, 84 × 9.6 = 806.4. రెండూ సమానం.

బయటినుంచి చూసేవాళ్ళకు మనిషే జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఎక్కువగా జరిగేది పడవే! మనిషి దాదాపు సమవేగంతో పోతుంటే, పడవ ఆయన కింద ముందుకూ వెనక్కూ ఊగుతున్నదన్నమాట.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. తెడ్లు నీటిలో ఉన్నప్పుడు పడవ బాగా వేగంగా పోతుందని మీరు అనుకుంటారు. కాని పడవ అన్నిటికంటె వేగంగా పోయేది తెడ్లు గాలిలో ఉన్నప్పుడు! అప్పుడు పడవవాడు వెనక్కి జరుగుతూ పడవను తన కాళ్ళతో ముందుకు లాక్కుంటాడు కనుక. మళ్ళీ తెడ్లు నీటిలో పడి, కాళ్ళు పలకను తన్నడం మొదలుపెట్టగానే పడవ వేగం తగ్గిపోతుంది. ఇలా ప్రతి వేటులోనూ పడవ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ఇందాకటి సూత్రాన్ని ఇక్కడ వాడండి. సగటు వేగం 5 మీ/సె అనుకుందాం. పడవ సగం కాలం 6తోనూ, సగం కాలం 4తోనూ పోతే, ఘనాల సగటు (216 + 64) ÷ 2 = 140. సమవేగంతో 5తో పోయి ఉంటే 125 చాలు. 125కు బదులు 140! నూటికి 12 వంతులు వృథా. ఇది లెక్క సులభంగా ఉండడానికి తీసుకున్న ఉదాహరణ. అసలు పడవలో వేగం ఇలా మెట్టులా మారదు, అలలా మారుతుంది. అయినా నష్టం నష్టమే.

చేసి చూడండి

కావలసినవి: ఆరు గుండ్రటి పెన్సిళ్ళు (అంచులున్నవి దొర్లవు), ఒక గట్టి అట్ట, తాళం ఇస్తే నడిచే బొమ్మ కారు, ఒక లావుపాటి పుస్తకం, ఒక స్కేలు.

నున్నని బల్లమీద పెన్సిళ్ళను వరుసగా పేర్చండి. వాటిమీద అట్టను ఉంచండి. అట్టమీద బొమ్మ కారుకు తాళం ఇచ్చి, పెన్సిళ్ళు దొర్లే దిశలో వదలండి. కారు ముందుకు పోబోతుంటే అట్ట వెనక్కి జారిపోతుంది. అట్ట తేలిక, కారు బరువు. కనుక అట్టే ఎక్కువగా కదులుతుంది. అట్ట ఎంత జరిగిందో స్కేలుతో కొలవండి.

ఇప్పుడు అట్టమీద ఒక పక్కగా లావుపాటి పుస్తకాన్ని ఉంచి మళ్ళీ కారును వదలండి. ఈసారి అట్ట చాలా కొద్దిగా మాత్రమే వెనక్కి జరుగుతుంది. కదిలే భాగం కంటె కదలని భాగం బరువుగా ఉంటే, కదలని భాగం దాదాపు నిశ్చలంగా ఉంటుంది.

మొదటిది మామూలు పందెపు పడవ. రెండోది కోల్బె 1981లో ఎక్కిన పడవ!

పీటను బిగించి రిగ్గరును వదిలితే

పశ్చిమ జర్మనీకి చెందిన ఫోల్కర్ నోల్టె శరీర కదలికలలోని యాంత్రికశాస్త్రాన్ని పరిశీలించినవాడు. ఆయన రూపొందించిన పడవలో కథ తిరగబడింది. పీటను పడవకు బిగించేశారు. పాదాల పలకనూ, రిగ్గర్లనూ ఒకే చట్రంగా కలిపి, దాన్ని పట్టాలమీద జరిగేటట్టు చేశారు. పడవవాడు కాళ్ళు చాపితే శరీరం జరగదు. పాదాలూ, పలకా, రిగ్గర్లూ, తెడ్లూ జరుగుతాయి. కాళ్ళు చేసే పని అంతే. చేతులు లాగే తీరూ అంతే. జరిగే వస్తువు మాత్రం మారింది.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే కొందరు దీన్ని ఊహించారు. కాని తేలికగా, గట్టిగా, కిర్రుమనకుండా జరిగే చట్రాన్ని పందెపు పడవలో అమర్చి గెలవడమనేది 1981 దాకా జరగలేదు.

మళ్ళీ లెక్క వేద్దాం. జరిగే చట్రం, తెడ్లు, వాటితోపాటు కదిలే పాదాలు కలిపి 10 కిలోలనుకుందాం. మిగిలిన మనిషీ పడవా కలిపి 90 కిలోలు. చట్రం పడవలో 60 సెం.మీ. జరిగితే పడవ ఎంత జరుగుతుంది?

10 × 60 ÷ 100 = 6 సెం.మీ.

50.4 సెంటీమీటర్లు ఎక్కడ, 6 సెంటీమీటర్లు ఎక్కడ! పడవ ఊగిసలాట బాగా తగ్గిపోయింది. కాళ్ళు ముడవడంలో తొడలూ పిక్కలూ కూడా కొంత కదులుతాయి కనుక అసలు సంఖ్య ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. అయినా తేడా చాలా పెద్దది. పడవ దాదాపు సమవేగంతో పోతుంది. ఘనాల లెక్కలో జరిగే వృథా తగ్గుతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. మామూలు పడవలో అంత బరువైన శరీరం ముందుకూ వెనక్కూ జరగడం వల్ల పడవ ముక్కు ఒకసారి, తోక ఒకసారి నీటిలోకి దిగుతుంటాయి. కొత్త పడవలో ఆ తూగు కూడా తగ్గింది.

గెలిచింది మనిషా, పడవా?

1981లో మ్యూనిక్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో కోల్బె ఈ పడవతో పోటీచేసి స్వర్ణ పతకం గెలిచాడు. అందరి కళ్ళూ పడవమీదే! అయితే ఆ విజయం పడవదేనని రుజువైనట్టేనా?

ఇంజక్షను విషయంలో మనం వేసుకున్న ప్రశ్నే ఇది. తొందరపడి తీర్పు చెప్పకండి. కోల్బె అంతకుముందే 1975లో నాటింగ్‌హామ్‌లోనూ, 1978లో న్యూజిలాండ్‌లోని కారపీరో సరస్సులోనూ మామూలు పడవతోనే ప్రపంచ విజేత అయ్యాడు. కనుక 1981 విజయం ఒక్కదాన్ని పట్టుకుని పడవ గొప్పతనాన్ని నిర్ణయించలేం.

తరువాత ఏం జరిగిందో చూడండి. 1982 ప్రపంచ పోటీలలో ఒంటరి పడవ పందెం ఫైనలుకు వచ్చిన ఆరుగురిలో అయిదుగురు జరిగే రిగ్గర్ల పడవలే తెచ్చారు. 1983లో జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో ఆరుగురికి ఆరుగురూ అవే తెచ్చారు. పోటీలో బతుకుతున్న వాళ్ళందరూ రెండేళ్ళలో పాత పడవను వదిలేశారంటే, అందులో లాభమున్నదని వాళ్ళు అనుభవంతో గ్రహించి ఉండాలి. సూత్రం చెప్పినదీ అదే.

ఇక 1983 ఫైనలును పరిశీలించండి. ఆరుగురికీ ఒకే రకం పడవ ఉన్నప్పుడు పడవవల్ల కలిగే లాభం ఎవరికీ లేనట్టే. ప్రయోగంలో ఒక అంశాన్ని అందరికీ సమానం చేసినట్టన్నమాట. అలాంటి ఫైనలులో గెలిచిందెవరు? కోల్బె! 1986లో మళ్ళీ నాటింగ్‌హామ్‌లో, అందరూ పాత రకం పడవలే వాడినప్పుడు గెలిచిందెవరు? అప్పుడూ కోల్బె!

ఈ విజయాలను ఒక పట్టికలా ఊహించుకోండి. 1975, 1978: పాత పడవ. 1981: కొత్త పడవ. 1983: అందరికీ కొత్త పడవ. 1986: అందరికీ పాత పడవ. ఒక్క పందెం చెప్పలేని సంగతిని ఈ అయిదూ కలిసి చెబుతున్నాయి. పడవలో లాభం ఉంది, నిజమే. కాని ఆ లాభం లేనప్పుడు కూడా గెలవగల సత్తా ఆ మనిషిలో ఉంది.

నిషేధం

1983లోనే అంతర్జాతీయ రోయింగ్ సంఘం జరిగే రిగ్గర్లను నిషేధించింది. దీనికి ముఖ్య కారణంగా ఖర్చును చెబుతారు. కొత్త పడవలు కొనగల దేశాలే గెలిచి, కొనలేనివాళ్ళు వెనకబడతారనే భయం. నిషేధం నేటికీ అమలులో ఉంది. ఈనాడు ఒలింపిక్స్‌లో మీరు చూసే పడవలన్నిటిలోనూ పీటే జరుగుతుంది, రిగ్గరు బిగించే ఉంటుంది. అంటే సూత్రరీత్యా తక్కువ శక్తితో పోగల పడవను పక్కనపెట్టి, ఎక్కువ శక్తి కావలసిన పడవతో అందరూ పోటీపడుతున్నారు.

ఇది న్యాయమేనా? మీ తరగతిలో చర్చించదగిన ప్రశ్న ఇది. ఒకవైపు వాదన ఇలా ఉంటుంది: ఆట మనుషుల మధ్య జరగాలి గాని కర్మాగారాల మధ్య కాదు. అందరూ కొత్త పడవ కొన్న తరువాత ఎవరికీ ప్రత్యేక లాభం మిగలదు, ఖర్చు మాత్రం మిగులుతుంది. రెండోవైపు వాదన ఇది: 1870 ప్రాంతంలో జరిగే పీట కూడా కొత్తదే గదా! దాన్ని ఆనాడు ఒప్పుకుని, దాని లోపాన్ని సవరించిన దాన్ని ఈనాడు వద్దనడం ఏం న్యాయం?

ఒక సంగతి మాత్రం స్పష్టం. ఏ పడవ తక్కువ శక్తితో పోతుందో చెప్పవలసింది భౌతికశాస్త్రం. ఏ పడవతో పోటీ చేయాలో నిర్ణయించుకోవలసింది మనుషులు. మొదటి ప్రశ్నకు జవాబు ఓట్లు వేస్తే మారదు. రెండో ప్రశ్నకు జవాబు సమీకరణాలలో దొరకదు. ఈ రెండు ప్రశ్నలనూ కలగాపులగం చేయకపోవడం సైన్సు చదివేవాళ్ళు నేర్చుకోవలసిన విషయం.

మిగిలిన పందేలు

మాంట్రియల్ తరువాత 1980 ఒలింపిక్స్ మాస్కోలో జరిగాయి. పశ్చిమ జర్మనీ వాటిని బహిష్కరించింది. కోల్బెకు పోటీచేసే అవకాశమే లేకపోయింది. అక్కడ కార్పినెన్ మళ్ళీ గెలిచాడు.

1984లో లాస్ ఏంజిలిస్. అప్పటికి జరిగే రిగ్గర్లపై నిషేధం వచ్చేసింది. కార్పినెన్ 7 నిమిషాల 0.24 సెకండ్లు, కోల్బె 7 నిమిషాల 2.19 సెకండ్లు. మళ్ళీ రజతమే. కార్పినెన్‌కు వరుసగా మూడో స్వర్ణం.

1988లో సియోల్. కోల్బె వయస్సు 35 ఏళ్ళు. ఈసారి ఆయనకంటె ముందు గమ్యం చేరినవాడు తూర్పు జర్మనీకి చెందిన 24 ఏళ్ళ థామస్ లాంగె. లాంగెకు 6 నిమిషాల 49.86 సెకండ్లు, కోల్బెకు 6 నిమిషాల 54.77 సెకండ్లు పట్టాయి. మాంట్రియల్‌లో తన సొంత కాలంకంటె కోల్బెకు ఇది దాదాపు 37 సెకండ్లు తక్కువ! అయితే 35 ఏళ్ళ వయస్సులో ఆయన అంత బలవంతుడయ్యాడని అనుకోకండి. వేర్వేరు చోట్ల గాలి, అల, నీటి వేడిమి వేరుగా ఉంటాయి. ఎదురుగాలి పడవను ఎంతో ఆపుతుంది. అందుకే రోయింగ్‌లో ఒకే నీటిమీద, ఒకే సమయాన, పక్కపక్కన పోయినవాళ్ళ కాలాలనే పోల్చాలి.

పన్నెండేళ్ళ వ్యవధిలో మూడు ఒలింపిక్ రజతాలు. ఒక్కోసారి తేడా కొద్ది సెకండ్లే. ఇరవై రెండో ఏట ప్రపంచ విజేత అయినవాడు ముప్ఫై అయిదో ఏట కూడా ఒలింపిక్ ఫైనలులో రెండోవాడుగా నిలిచాడంటే, ఎన్ని వేల ఉదయాలు నీటిమీద గడిపి ఉంటాడో ఊహించండి. కోల్బె 2023లో, తన డెబ్బయ్యో ఏట కన్నుమూశాడు. ఆయన గెలిచిన జరిగే రిగ్గర్ల పడవ పందేలలో కనబడకుండా పోయినా, ద్రవ్యవేగ నిత్యత్వానికి అంత చక్కని ఉదాహరణ మరొకటి వెతికినా దొరకదు.

ఆలోచించండి

1. మాంట్రియల్‌లో కార్పినెన్ గమ్యం చేరిన క్షణంలో కోల్బె ఇంకా ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాడు? కోల్బె సగటు వేగాన్ని కట్టి (2000 మీటర్లను 451.67 సెకండ్లతో భాగించండి), 2.64 సెకండ్లతో గుణించండి. జవాబు పడవ పొడవుకంటె ఎక్కువా, తక్కువా? లాస్ ఏంజిలిస్, సియోల్ పందేలకు కూడా ఇలాగే కట్టండి. సుమారుగా 12, 9, 24 మీటర్లు రావాలి.

2. పడవవాడి బరువు 64 కిలోలు, పడవ బరువు 16 కిలోలు అయితే, ఆయన 60 సెం.మీ. జరిగినప్పుడు పడవ ఎంత జరుగుతుంది? 84 కిలోల మనిషి విషయంలో వచ్చిన జవాబుతో పోల్చండి.

3. వేగం 10 శాతం పెరగాలంటే సామర్థ్యం ఎంత శాతం పెరగాలి? (1.1ను మూడు సార్లు గుణించి చూడండి. జవాబు సుమారు 33 శాతం.) పందెంలో ఒక్క పడవ పొడవు ముందుకు పోవడం ఎందుకంత కష్టమో దీన్నిబట్టి చెప్పండి.

4. అలలు లేని నిలవ నీటిలో, తెడ్లు తీసివేసిన పడవలో కూర్చుని, పీటమీద ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటే పడవ చెరువు అవతలి ఒడ్డుకు చేరగలదా? నీటి నిరోధం లేదనుకుని జవాబు చెప్పండి. గరిమనాభి సంగతి మరిచిపోకండి సుమా!